పోపులపెట్టె వైద్యము

తెలుగువారి వంటింటిలో ఉప్పుజాడీ తరువాత గౌరవస్థానము పోపులపెట్టెదే. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మిరియాలు, వాము, ఇంగువ, పసుపు, ఎండుమిరపకాయలు ఎవరి గిన్నెలో వారుగా కాపురముండు ఆ చిన్న పెట్టె, పొయ్యిపై నూనె కాగిన వేళ రుచికి ఆధారమై, ఇంటిలో ఎవరికైనను గొంతు బొంగురుపోయినప్పుడు, కడుపు ఉబ్బినప్పుడు, జలుబుతో తల దిమ్మెక్కినప్పుడు ఔషధాలయముగా మారుట మనము పుట్టినది మొదలు చూచుచున్న సంగతియే. వైద్యుడు ఆమడదూరమున ఉండి, ఎడ్లబండి తప్ప వేరు వాహనము లేని కాలమున అవసరమే ఈ ఏర్పాటును కల్పించినదనుటలో సందేహము లేదు. కాని వీధికొక మందులదుకాణము వెలసిన నేటికిని అది చెక్కుచెదరలేదు. కరోనా కల్లోలము చెలరేగిన 2020, 2021 సంవత్సరములలో మిరియాల కషాయము కాచని ఇల్లు గాని, ఆవిరి పట్టని ముక్కు గాని తెలుగుదేశమున ఉండెనా యన్నది సంశయమే.

ఈ వైద్యమును గూర్చి లోకమున రెండు పక్షములు కలవు. అమ్మమ్మల చాదస్తమని పెదవి విరుచు విద్యాధికులు ఒక ప్రక్క. సకల రోగములకును పరిష్కారము పసుపుకొమ్ములోనే దాగియున్నదని సెల్‌ఫోనులలో నిత్యము చాటువారు వేరొక ప్రక్క. నా మతమున ఉభయులును ఒకే పొరపాటు చేయుచున్నారు. ఏ దినుసు ఏ బాధకు, ఎంత మోతాదున, ఎన్ని దినములు అను లెక్కను వారిరువురును విడిచిపెట్టిరి. పాతకాలపు ఇల్లాలు సానపై శొంఠికొమ్ము అరగదీయునప్పుడు శనగగింజంత చాలుననియు, రెండు పూటలనియు, ఆ రెండు పూటలును పులుపు తగదనియు, మూడవనాటికి నెమ్మదింపకున్న వైద్యుని పిలువవలెననియు కూడ చెప్పెడిది. నేడు ఫోనులో వచ్చు చిట్కాకు దినుసు పేరు ఉండును, హద్దు ఉండదు.

చిన్న రోగములకు ఒక స్వభావము కలదు. అవి తమంత తాము వచ్చి తమంత తాము పోవును. మందు వేసికొన్న జలుబు వారములో తగ్గును, వేసికొననిది ఏడు దినములలో తగ్గును అను పరిహాసోక్తిలో వైద్యశాస్త్రము కాదనజాలని సత్యము ఉన్నది. జలుబును కలిగించు వైరసులను చంపు మందు నేటికిని ఏ దుకాణములోను లేదు, ఆంటీబయాటిక్కులు వానిపై పనిచేయవు. అట్టి వ్యాధిలో వైద్యుడైనను చేయగలిగినది దేహము తన పని తాను ముగించువరకు రోగికి ఉపశమనము కల్పించుటయే. ఆ ఉపశమనమును శ్రమ లేక, ఖర్చు లేక, హాని లేక సమకూర్చుటలో పోపులపెట్టెకు సాటి అరుదు.

గొంతునొప్పిని తీసికొందము. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కరగించి, తల వెనుకకు వాల్చి గొంతువరకు పోనిచ్చి పుక్కిలించుట కంటె సులభమైన చికిత్స లేదు. ఉప్పునీరు వాచిన పొరలలోని నీటిని కొంత వెలికి లాగును, పట్టియున్న కఫమును వదలించును. జపానులో, పుక్కిలించుట నిత్యాచారమైన ఆ దేశమున, ఆరోగ్యవంతులైన పెద్దలపై జరిపి 2005లో ప్రకటించిన ఒక పరిశోధన మరియొక విచిత్రమును బయటపెట్టినది. దినమునకు మూడుమారులు ఉత్త నీటితో పుక్కిలించిన వారికి జలుబులు మూడింట ఒక వంతునకు పైగా తగ్గినవి. అయోడిన్ మందు కలిపిన నీటితో పుక్కిలించిన వారికి అంత మేలు కనబడలేదు. ఖరీదైన దానికంటె కుండలోని నీరే మెరుగైన సందర్భములు వైద్యచరిత్రలో అప్పుడప్పుడు కలవు.

పిల్లలకు రాత్రివేళ వచ్చు పొడిదగ్గు ఇల్లంతటికిని నిద్ర లేకుండ చేయును. నిద్రకు ముందు ఒక చెంచా తేనె నాకించుట మన ఇండ్లలో తరతరములుగా ఉన్నదే. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వైద్యులు దీనిని పరీక్షకు పెట్టి, దుకాణములలో అమ్ము దగ్గుమందుకు తేనె తీసిపోలేదని ప్రకటించిరి. బ్రిటిషు ప్రభుత్వ వైద్యమార్గదర్శకములలో సైతము 2018నుండి సామాన్యమైన దగ్గునకు మొదటి ఉపాయముగా తేనె చోటు సంపాదించుకొన్నది. ఈ సంగతికి నేడు మరింత ప్రాముఖ్యము వచ్చినది. డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవము కలిసిన దగ్గుమందులు 2022లో ఆఫ్రికాలోని గాంబియాలోను, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతమునందును పసిపిల్లల ప్రాణములను హరించిన పిమ్మట, రెండేండ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు వ్రాయరాదనియు, ఐదేండ్లలోపు వారికి సాధారణముగా అవి తగవనియు కేంద్ర ఆరోగ్యశాఖ వైద్యులకు మరల గుర్తుచేయవలసి వచ్చినది.

అయితే ఇచ్చటనే ఒక కఠినమైన హద్దు ఉన్నది. ఏడాది నిండని శిశువునకు తేనె ఒక బొట్టు కూడ తగదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయుట మనలో శుభాచారముగా సాగుచున్నను, తేనెలో ఉండదగిన బొట్యులినమ్ అను సూక్ష్మజీవి బీజములు పెద్దల ప్రేగులలో మొలకెత్తజాలవు గాని, పసికందు ప్రేగులలో మొలకెత్తి కండరములను చచ్చుపడజేయు విషమును పుట్టించును. శుద్ధమైన తేనెలోనైనను ఈ ప్రమాదము ఉండును. కాచినంత మాత్రమున ఆ బీజములు చావవు. ఏడాది దాటిన పిమ్మట ఈ భయము లేదు.

ఆవిరి పట్టుట వలన బిగదీసిన ముక్కు వదులగుట అందరకు అనుభవమే. రోగకాలము మాత్రము దానివలన తగ్గదు, ఆవిరికి వైరసు చావదు. మరుగుచున్న గిన్నె ఒడిలో పెట్టుకొని దుప్పటి కప్పుకొన్న పిల్లవాడు ఒక్కమారు కదలినచో జరుగు అనర్థమును కాలినగాయముల వార్డులలో పనిచేయు వైద్యులు చెప్పగలరు. పిల్లలకు ఆవిరి మానుటయే మేలు. మిరియాల చారు చాలును. వేడిచారులోని ఆవిరి, మిరియపు ఘాటు, ద్రవము మూడును కలిసి ఆ పనినే నిరపాయముగా చేయును, అన్నమును కూడ లోపలికి పంపును. మన వైద్యులలో ఎవరును ఈ చారును మందుగా చీటిపై వ్రాయరు గాని, వారి ఇండ్లలో జలుబు చేసినప్పుడు త్రాగునది అదే.

శొంఠి లేని కషాయము లేదని సామెత. శొంఠి, పిప్పలి, మిరియము మూడును కలిసి త్రికటువు. ఆయుర్వేదమున దీనికి ఉన్న వ్యాప్తి మరియొక యోగమునకు లేదనిన తప్పు కాదేమో. పచ్చి అల్లములో జింజెరాల్ అను ఘాటుపదార్థము ఉండగా, అది ఎండునప్పుడు కొంత భాగము షోగాల్ అను మరింత ఘాటైన పదార్థముగా మారును. అల్లమును ఎండబెట్టి శొంఠిగా వాడుటలో మన పెద్దలు నిలువ సౌకర్యమును మాత్రమే చూచిరనుకొనరాదు. వికారము, వాంతి అణచుటలో అల్లమునకు గల శక్తిని ఆధునికులు అనేక పరీక్షలలో చూచిరి. వేవిళ్ళతో ఏమియు తినలేని గర్భవతికి దినమునకు ఒక గ్రామునకు మించకుండ అల్లము నిరపాయమైన ఉపశమనమని ప్రసూతివైద్యులు అంగీకరింతురు. రెండు గ్లాసుల నీటిలో కొంచెము శొంఠి, నాలుగు మిరియాలు, చెంచా ధనియాలు దంచి వేసి, ఒక గ్లాసు మిగులునట్లు కాచి, తాటిబెల్లము కలిపి వెచ్చగా త్రాగినచో జలుబు నాడు కలుగు సుఖము చెప్పనలవి కాదు. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు మాత్రము కషాయములను మితముగా పుచ్చుకొనవలెను. అతిమధురము కలిపిన కషాయము విషయమున రక్తపుపోటు గలవారు మరింత జాగ్రత్తపడవలెను; గొంతునకు హాయి గొలుపు ఆ తీపివేరు దినముల తరబడి సేవించినచో రక్తపుపోటును పెంచి, దేహమునందలి పొటాషియమును తగ్గించును.

విందుభోజనము తరువాత కడుపు ఉబ్బరించినప్పుడు చిటికెడు వాము, రెండు ఉప్పురవలు నోట వేసికొని నమలుట తెలుగువాని ప్రథమచికిత్స. వాము నుండి తీసిన తైలములో ఇంచుమించు సగము థైమాల్. నేడు దుకాణములలో అమ్ము కొన్ని పుక్కిలింత మందులలోని క్రిమినాశకము అదే. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో కొంకిపురుగు వ్యాధిని నిర్మూలింప బూనినవారు వాడిన ప్రధానౌషధము థైమాలే. మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు భారతదేశపు వాము జర్మనీకి ఎగుమతియై, అచ్చట థైమాలుగా మారి లోకమునకు అమ్ముడుపోయెడిది. (పెరటికుండీలో పెంచు వామాకు మొక్క వేరు, వాము గింజల మొక్క వేరు, వాసన ఒకటగుటచే పేరు కలిసినది.) మజ్జిగలో ఇంగువ, కరివేపాకు, శొంఠిపొడి కలిపి పుచ్చుకొనుట ఇదే కోవలోనిది. ఆ ఇంగువ మన నేలపై పండినది కాదు. ఆఫ్గనిస్థాను, ఇరాను కొండలనుండి శతాబ్దములుగా వచ్చుచున్నది. 2020 అక్టోబరులో హిమాచలప్రదేశములోని లాహౌల్ లోయలో దాని మొలకలను ప్రభుత్వ శాస్త్రజ్ఞులు తొలిసారి నాటిరి.

ఇంతవరకు చెప్పినవన్నియు ఉపశమనములు. వంటింటి దినుసులు ప్రాణమునే నిలుపు సందర్భము ఒకటి కలదు. అందు మిరియమునకు గాని పసుపునకు గాని పాత్ర లేదు. అది ఉప్పు, పంచదారల పని. విరేచనములతో పిల్లలు చనిపోవుట రోగక్రిమి చేత కంటె ముందు నీరు, లవణములు దేహమునుండి జారిపోవుట చేత. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది కాందిశీకులు తరలివచ్చినప్పుడు సరిహద్దులోని బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగి, నరములలోనికి ఎక్కించు సెలైను నిండుకొన్నది. ఆ దుస్థితిలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీటిలో కలిపి పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే గ్లాసులతో త్రాగింపజేసిరి. నూటికి ముప్పదివరకు ఉండిన మరణములు నాలుగునకు లోపునకు దిగినవి. కలరా విషము ప్రేగులను ఎంత బాధించినను, చక్కెర తోడుగా ఉన్నచో ఉప్పును లోనికి తీసికొను మార్గము మాత్రము చెడకుండుటయే ఇందలి కీలకము. ఉప్పు వెంట నీరును లోనికి పోవును. 1978లో లాన్సెట్ అను ప్రఖ్యాత వైద్యపత్రిక ఈ ద్రావణమును ఆ శతాబ్దపు అత్యంత ముఖ్యమైన వైద్యవిజయము కాదగునని కొనియాడినది. మహలనబిస్ 2022లో కాలధర్మము చెందగా, మరుసటి ఏడు పద్మవిభూషణ్ లభించినది.

ఇంటిలో దీనిని చేసికొనుటకు కొలత ఇది: కాచి చల్లార్చిన నీరు 1 లీటరు, పంచదార చదునుగా 6 చిన్నచెంచాలు, ఉప్పు చదునుగా అరచెంచా. ఉప్పు హెచ్చినచో ప్రమాదము. చక్కెర హెచ్చినచో విరేచనములు పెరుగును. కనుక చేతివాటమున వేయరాదు. రుచి కన్నీటికంటె ఉప్పగా ఉండరాదు. మందులదుకాణములోని అసలు ఓఆర్ఎస్ పొట్లము దొరికినచో అదియే ఉత్తమము. అందు పొటాషియము కూడ ఉండును. చిటికెడు ఉప్పు వేసిన పలుచని గంజి ఆ జాతిలోనిదే. అన్నములోని పిండి మెల్లమెల్లగా గ్లూకోజుగా విడిపోయి అదే పనిని చేయును. పిల్లవానికి విరేచనములైనచో అన్నము మాన్పి పస్తుంచు పాత అలవాటును మాత్రము విడువవలెను. లంఖణము పరమౌషధమన్న మాట అజీర్ణముతో బాధపడు పెద్దవానికి చెల్లును గాని, చనుబాలు త్రాగు శిశువునకు చెల్లదు. తీపిపానీయములకు ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్ము వ్యాపారముపై హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహారభద్రతా సంస్థ ఆ పేరును నిషేధించిన సంగతి పాఠకులు ఎరిగినదే. పొట్లముపై ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమను మాట ఉన్నదో లేదో చూచి కొనుడు.

ఇక పసుపు. తెలుగువారికి అది మందు, మంగళద్రవ్యము, సౌందర్యసాధనము. దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్ల పేర్లు వినినంతనే పసుపుబస్తాలు కండ్లకు కట్టును. 1995లో గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు పేటెంటు లభించినప్పుడు మన శాస్త్రీయ పరిశోధనా మండలి, డాక్టర్ రఘునాథ్ మషేల్కర్ నాయకత్వమున, దానిని సవాలు చేసి, ప్రాచీన గ్రంథములను, 1953నాటి భారతీయ వైద్యపత్రికలోని వ్యాసమును సాక్ష్యముగా చూపి, 1997లో రద్దు చేయించినది. కాళ్ళు పగిలినను, వ్రేలు తెగినను పసుపు అద్దుట ఇల్లిల్లు ఎరిగిన విద్య గదా. అది క్రొత్తగా కనుగొన్నదని ఒకరు హక్కు కోరుట మనకు వింతగా తోచినను, కాగితముపై నిదర్శనము చూపనిదే ఆ వింత తొలగలేదు.

ఆ విజయము తరువాత పసుపును గూర్చిన అతిశయోక్తులకు అంతు లేకపోయెను. పసుపులో కుర్క్యుమిన్ అను పదార్థము నూటికి మూడు పాళ్ళ ప్రాంతముననే ఉండును; అదియును ప్రేగులలో అతిస్వల్పముగా ఇంకును. మిరియములోని పైపెరిన్ తోడైనచో రక్తములో దాని పాలు ఇరువది రెట్లు పెరిగినదని బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు 1998లో చూపిరి. మన పోపులో, చారులో, మిరియాలపాలలో ఈ రెండును కలిసియుండుట చూచి మురియవలసినదే. కాని అదే సూత్రమును పట్టుకొని కుర్క్యుమిన్, పైపెరిన్ కూర్చిన మాత్రలను తయారుచేసి విక్రయింపగా, వానిని దీర్ఘకాలము మ్రింగిన కొందరికి కాలేయము వాచిన ఉదంతములను అమెరికా వైద్యులు ఇటీవల నమోదుచేసిరి. కూరలో చిటికెడు, పాలలో చిటికెడు పసుపు ఎవనిని బాధింపలేదు. ఔషధమును ఆహారముగా పుచ్చుకొనుటకును, ఆహారమును ఔషధముగా పేర్చి మ్రింగుటకును మధ్య ఉన్న దూరమిది. రంగుకొరకు సీసపు క్రోమేటును కలుపు దుర్మార్గము కూడ ఉన్నది గనుక, నిగనిగలాడు విడిపొడి కంటె కొమ్ములు కొని ఆడించుకొనుట క్షేమకరము.

మోతాదు మాట వచ్చినది గనుక మెంతులను గూర్చి ఒక ముక్క. 1918లో కూనూరున చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదునకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, మధుమేహులపై మెంతులను పరీక్షించి, వానిలోని జిగురునారవలన రక్తములోని చక్కెర తగ్గుట వాస్తవమేనని తేల్చినది. అయితే వారు వాడినది పోపులోని పది గింజలు కాదు. దినమునకు 25 గ్రాములు మొదలు, కొన్ని పరీక్షలలో నూనె తీసిన పొడి 100 గ్రాముల వరకు. రాత్రి నానబెట్టిన చెంచా మెంతుల నీరు త్రాగి, దానినే నమ్మి మధుమేహపు మాత్రలు మానివేయువారు ఆ పరిశోధనకు తాము కల్పించుకొన్న భావమును ఆశ్రయించుచున్నారు.

పసిబిడ్డల విషయమున మన ఆచారములను నిర్మొగమాటముగా పరిశీలింపవలసియున్నది. మాటలు వచ్చునని ఉగ్గుతో అరగదీసి పోయు వసకొమ్ములోని బీటా-అసరోన్ అను పదార్థము ఎలుకలలో కంతులను పుట్టించుటచే అమెరికా ప్రభుత్వము 1968లోనే వసను ఆహారమునుండి నిషేధించినది. మాటకారి బాలుని వసపిట్ట యని మురియుదము. వస పోయుట మాత్రము మానుదము. ఆరు నెలలవరకు చనుబాలు తప్ప మరేమియు అక్కరలేదు. కడుపునొప్పితో ఏడ్చు బిడ్డ బొడ్డుచుట్టు ఇంగువ రాయుటవలన నష్టము లేదు. ఆ రాయు చేతి వెచ్చదనముననే సగము మందు ఉన్నదని నా అనుమానము. పెద్దపిల్లలకు పొత్తికడుపు కుడిప్రక్క నొప్పి పుట్టినచో ఆముదము త్రాగించుట బహుప్రమాదము. అది ఉండుకము వాపైనచో భేదిమందు దానిని చీల్చగలదు. చీముకారు చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పోయరాదు.

కాలినచోట పేస్టు, సిరా, వెన్న, పసుపు, చివరకు ఇడ్లీపిండి పూయువారు మన మధ్యనే ఉన్నారు. చేయవలసినది ఒక్కటే: కుళాయిక్రింద ధారగా పారు చల్లని నీటిలో 20 నిమిషములు ఉంచుట. మంచుగడ్డ కూడ పనికిరాదు. ఇల్లాలికి అందుబాటులో ఉన్న మందులలో నీటికంటె గొప్పది లేదని నమ్ముట మనకు ఎందువలననో కష్టముగా ఉండును. పంటినొప్పికి లవంగనూనె దూదిపై ఒక చుక్క పెట్టుట మంచి ఉపాయము. అందలి యూజినాల్‌ను దంతవైద్యులు సైతము పళ్ళలో నింపు సిమెంటులో వాడుదురు. పిప్పి తీయించుకొనుటకు మాత్రము అది బదులు కాదు; పసిపిల్లలకు అందకుండ ఆ సీసాను దాచవలెను.

వేసవిలో వడదెబ్బను గూర్చి. 2015 మే నెలలో దేశమున వడగాలికి రెండువేలకు పైగా ప్రాణములు పోగా, అందు అధికభాగము ఉభయ తెలుగురాష్ట్రములలోనివే. పలుచని ఉప్పుమజ్జిగ, నిమ్మరసము, గంజి వడదెబ్బ తగులకుండ కాపాడును. ఉల్లి చేయు మేలు తల్లి చేయదని జేబులో ఉల్లిగడ్డ పెట్టుకొని ఎండకు పోవుట కాపాడదు. దేహము కాలి, మాట తడబడి, స్పృహ తప్పిన మనిషికి నోట ఏమియు పోయక, నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడిచి విసరుచు ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తేలుకాటునకు చింతగింజ అరగదీసి అంటించుట రాయలసీమ పల్లెలలో ఇంకను కనబడును. మహారాష్ట్రలోని మహాడ్ అను చిన్న ఊరిలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ఎర్రతేలు విషమునకు ప్రజోసిన్ అను చవుకమాత్ర విరుగుడుగా పనిచేయునని 1980లలో నిరూపించి వేలాది ప్రాణములను నిలిపిరి. కుట్టిన తరువాత చెమటలు, వాంతులు, చేతులు చల్లబడుట కనబడినచో చింతగింజతో గడుపు ప్రతి గడియయు నష్టమే. పాముకాటునకు వంటింటిలో మందు లేదు.

కామెర్లకు పసరుమందు పోయు ఊళ్ళు మనకు జిల్లాకు కొన్ని కలవు. ఆదివారము తెల్లవారుజామున అచ్చట చేరు జనమును చూచినచో ఆ నమ్మకము ఎంత గాఢమో తెలియును. అది పూర్తిగా నిరాధారము కాదు. కలుషిత జలమువలన వచ్చు హెపటైటిస్-ఎ అనేకులకు కొలది వారములలో తనంత తాను తగ్గును. ఆ కీర్తి పసరునకు దక్కును. నేలఉసిరిని గూర్చి 1988లో మదరాసు పరిశోధకులు ఆశాజనకమైన ఫలితములను ప్రకటించిరి గాని, తరువాతి పరిశోధనలు వానిని బలపరచలేదు. హెపటైటిస్-బి గాని, పిత్తనాళములో అడ్డుపడిన రాయి గాని, కంతి గాని ఉన్నచో పసరుతో గడచిన నెల తిరిగిరాదు. పచ్చబడిన కండ్లకు మొదట చేయవలసినది రక్తపరీక్ష. ఆపైన పథ్యముండువారు ఉండవచ్చును.

వంటింటి వైద్యమును గౌరవించినవారిలో శాస్త్రజ్ఞులు లేకపోలేదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మదరాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించి, ఆయుర్వేదౌషధముల శక్తిని ఆధునిక పద్ధతులలో పరీక్షింపవలెనను తహతహ గలిగి, తరువాత అమెరికాకు వెళ్ళిరి. ఆయన తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి విరుగుడైన ఫోలిక్ ఆమ్లమును చివరకు తన సహచరులతో 1945లో సంశ్లేషించి లోకమునకు అందించిరి. పరీక్షింపకుండ తోసిపుచ్చుటయు, పరీక్షింపకుండ నమ్ముటయు ఆయన మార్గము కాకుండెను.

రెండు వారములు దాటిన దగ్గునకు కషాయము ఆపి, సర్కారు దవాఖానాలో ఉచితముగా చేయు కఫపరీక్షతో క్షయ లేదని తెలిసికొనవలెను. వానాకాలమున మూడుదినములు విడువని జ్వరమునకు రక్తము చూపించుకొనవలెను. ఈ రెండు హద్దులకంటె ఘోరముగా మనవారు దాటుచున్నది మరియొకటి కలదు: గ్యాసునొప్పి. గుండె రక్తనాళము పూడిపోయిన నాడు అనేకులకు ఆ బాధ ఛాతీ మధ్య బరువుగా, పైకడుపులో మంటగా, త్రేన్పు రాక బిగించినట్లుగానే తోచును. ఇంటిల్లిపాది వాము తెచ్చువారు, సోడా కలుపువారు, వీపు రాయువారుగా చేరి, గుండెకండరము చచ్చిపోవు ఆ రెండు మూడు గంటలను తమ ప్రేమతోనే పోగొట్టుదురు. మధుమేహులకు, స్త్రీలకు, వృద్ధులకు నొప్పి అంతగా లేక ఆయాసము, చెమట, నీరసము మాత్రమే కనబడవచ్చును. 2005 ఆగస్టు 15న నాటి మన ఉమ్మడి రాష్ట్రముననే మొదలైన 108 అంబులెన్సు ఉచితముగా వచ్చును. ఛాతీ బరువెక్కి చెమటలు పోసి, నొప్పి చేతికో దవడకో ప్రాకినప్పుడు, అది గ్యాసా కాదా అను తర్కమును వైద్యునకు వదలి, ఇంట ఏ దినుసును వెదకక ముందుగా 108కు ఫోను చేయుడు.